తొంభై దాటాక మతి తప్పడం తప్పదా?

తెనాలి : ఊరి చివర కాలవ గట్టు. గట్టు దిగితే ఒక వీధి. ఆ వీధిలో ఎదురెదురు ఇళ్లలో ఇద్దరు వృద్ధులున్నారు. ఇద్దరూ తొంభై దాటినవారే.

ఒకరి వయసు తొంభై ఆరు. తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని పాలు పోయించుకునేది ఆయనే. నెల తిరిగేసరికి ఎన్ని లీటర్లు పోయించుకున్నదీ, పాలవాడు ఏ రోజు రానిదీ, ఏ పండక్కి అరలీటరు ఎక్కువ తీసుకున్నదీ కాగితం ముట్టకుండా చెబుతారు. పాలవాడు తన పుస్తకం తీసి చూసుకుంటే లెక్క సరిపోతుంది.

ఎదురింటి మామ్మగారికి తొంభై మూడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆవిడ కోడల్ని పిలుస్తారు. "మీ మావయ్య పొలం నుంచి వచ్చాడా? కాళ్లకు నీళ్లు పెట్టావా?" అని అడుగుతారు. ఆ మావయ్యగారు కాలం చేసి ఇరవై ఆరేళ్లయింది. మొదట్లో కోడలు "ఆయన పోయారు గదత్తయ్యా" అని నిజం చెప్పేవారు. చెప్పినప్పుడల్లా మామ్మగారికి అది కొత్త కబురే. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేవారు. ఇప్పుడు కోడలు మాట మార్చారు. "వస్తున్నారత్తయ్యా, దారిలో ఉన్నారు" అంటున్నారు.

"అబద్ధమే. ఏం చెయ్యమంటారు? రోజూ సాయంత్రం ఆవిడ పసుపు కుంకుమలు నేను తుడవలేను" అన్నారు ఆమె ఈ విలేఖరితో. ఆ కోడలి వయసు అరవై ఎనిమిది. ఆమెకే మోకాళ్ల నొప్పులు.

క్రిందటి మాఘమాసంలో ఒక రాత్రి మామ్మగారు తలుపు గడియ తీసుకుని వెళ్లిపోయారు. ఇంటిల్లిపాదీ వీధులన్నీ గాలించారు. తెల్లవారే వేళ కాలవ రేవు మెట్ల మీద కూర్చుని ఉండగా చేపలవాళ్లు చూసి తీసుకొచ్చారు. ఇంకో రెండు మెట్లు దిగితే నీళ్లు. ఆ రోజు నుంచి గేటుకు తాళం పడింది.

"తొంభై మూడేళ్లు బతికింది. ఇంకేం కావాలి? ఈ వయసులో చాదస్తం మామూలే" అని చుట్టాలు తేల్చేశారు. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లే మాట ఎవరూ ఎత్తలేదు.

మామూలేనా? ఒకే వీధి, ఒకే నీళ్లు, ఇంచుమించు ఒకే తిండి. ఒకరికి మతి పదిలంగా ఉండి, మరొకరికి ఎందుకు తప్పింది? దీని మీద ప్రపంచంలో చాలా పరిశోధనే జరిగింది. అందులో తేలిన కొన్ని సంగతులు మనం అనుకునేదానికి పూర్తిగా ఎదురు.

వయసా? జబ్బా?

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసు. కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇది దేనికి అని అడగడం జబ్బు. మనవడి పేరు నోటికి రాక, కాసేపటికి గుర్తు రావడం వయసు. అసలు మనవడున్న సంగతే మరిచిపోవడం జబ్బు. డాక్టర్లు ఈ జబ్బును డిమెన్షియా అంటారు. నిజానికి ఇది ఒక్క జబ్బు కాదు, అనేక జబ్బుల వల్ల వచ్చే స్థితి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఆల్జీమర్స్. 1906లో జర్మన్ డాక్టరు అలోయిస్ ఆల్జీమర్ ఈ జబ్బును మొదట వర్ణించారు. ఆయన చూసిన రోగికి అప్పటికి నిండా అరవై కూడా లేవు. అందువల్ల చాలాకాలం ఇది నడివయసువారి అరుదైన జబ్బు అనుకున్నారు. ముసలివారికి మతి తప్పితే అది వయసు కింద జమకట్టారు. మన వీధుల్లో నేటికీ నడుస్తున్నది ఆ పాత లెక్కే.

మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువని కూడా అందులో తేలింది. చదువుకోని వృద్ధ స్త్రీలు పల్లెల్లోనే ఎక్కువగా ఉండటం గమనించదగ్గ విషయం.

అయిదేళ్లకొకసారి రెట్టింపు

తొంభై దాటినవారి మీదనే ప్రత్యేకంగా జరిగిన పరిశోధనల్లో పేరెన్నికగన్నది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరుగుతున్నది. తెనాలి, గుంటూరు వీధుల్లో ఎన్నో ఇళ్ల పిల్లలు స్థిరపడిన రాష్ట్రమే అది. అక్కడ లగూనా వుడ్స్ అనే చోట ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుల కాలనీ ఒకటి ఉంది. 1981లో ఆ కాలనీవాసులకు ప్రశ్నపత్రాలు పంపి తిండి, నడక, అలవాట్లు, మందులు అన్నీ రాయించుకున్నారు. సుమారు 14 వేల మంది జవాబులు రాశారు. ఇరవై ఏళ్లు గడిచాక, 2003లో, ఇర్వైన్‌లోని విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టరు క్లాడియా కవాస్ బృందం వారిలో తొంభై దాటి బతికి ఉన్నవారిని వెతికి పట్టుకుంది. ఆనాటి నుంచి ఆరు నెలలకొకసారి వారి ఇళ్లకు వెళ్లి జ్ఞాపకశక్తి, నడక, చేతి పట్టు పరీక్షిస్తున్నారు. చాలామంది తమ తదనంతరం మెదడును పరీక్షకు ఇస్తామని కూడా రాసిచ్చారు.

ఆ పరిశోధనలో మొదట తేలింది కఠోరమైన సత్యం. తొంభై నుంచి తొంభై నాలుగేళ్ల మధ్యవారిలో ఏటా నూటికి సుమారు 13 మందికి కొత్తగా డిమెన్షియా వస్తోంది. తొంభై అయిదు దాటితే ఆ సంఖ్య 21. నూరేళ్లు నిండినవారిలో 41. అంటే అయిదేళ్లకొకసారి ముప్పు రమారమి రెట్టింపు అవుతూనే ఉంది. ఫలానా వయసు దాటితే ఇక రాదు అనే గీత ఎక్కడా లేదు.

అయితే ఇదే లెక్కను ఇటునుంచీ చూడాలి. ఆ అధ్యయనంలో తొంభై దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు నూటికి నలభై మంది. తక్కిన అరవై మందికి ఆ స్థితి లేదు. కాబట్టి "తొంభై వచ్చాక అందరికీ ఇంతే" అనే మాట నిలవదు.

అరవైలో శత్రువు, తొంభైలో ఏమిటి?

అందరినీ ఆశ్చర్యపరిచింది బి.పి. సంగతి. నలభై నుంచి అరవై అయిదేళ్ల మధ్య రక్తపోటు ఎక్కువగా ఉండి, మందు వాడకుండా వదిలేస్తే తరువాతి కాలంలో డిమెన్షియా ముప్పు పెరుగుతుంది. ఇందులో సందేహం లేదు. కాని కాలిఫోర్నియా వృద్ధుల్లో ఎనభై దాటాక మొదటిసారి బి.పి. వచ్చినవారిని, అసలు బి.పి. లేనివారితో పోల్చి చూస్తే డిమెన్షియా ముప్పు 42 శాతం తక్కువగా కనిపించింది. తొంభై దాటాక వచ్చినవారిలో 63 శాతం తక్కువ. ఈ వివరాలు 2017లో వెలువడ్డాయి.

ఇది చదివి ఎవరూ బి.పి. మాత్రలు అవతల పారెయ్యకూడదు. దీని అర్థం అది కాదు. ముదిమి వయసులో రక్తనాళాలు గట్టిపడతాయి. మెదడుకు రక్తం అందాలంటే కొంత ఒత్తిడి అవసరం కావచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. మెదడు జబ్బు లోలోపల మొదలైనవారికి బి.పి., బరువు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి లెక్క అలా కనిపిస్తోందని మరికొందరి వాదన. ఏది నిజమైనా ఒక సంగతి మాత్రం స్పష్టం. అరవై ఏళ్ల వాడికి రాసిన మందుల చీటీ తొంభై ఏళ్ల వాడికి యథాతథంగా పనికిరాదు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

బరువూ అంతే. నడివయసులో ఊబకాయం చేటు. తొంభై దగ్గర పడ్డాక మనిషి కారణం లేకుండా చిక్కిపోవడం అంతకంటే పెద్ద ప్రమాద సూచన. షుగర్ విషయంలోనూ ఇంతే. నడివయసు నుంచి షుగర్ అదుపులో లేకపోతే మెదడుకు హాని. మరీ పెద్దవయసులో షుగర్ బాగా పడిపోవడం కూడా హానే. "ముసలాయనకు షుగర్ ఎనభైకి తెచ్చాం" అని సంతోషపడే ఇంటివారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మెదడులో ఉంది, మనిషిలో లేదు

అమెరికాలో 1986లో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రజ్ఞుడు క్రైస్తవ సన్యాసినుల మీద పరిశోధన ప్రారంభించారు. ఒకే మఠ సంప్రదాయానికి చెందిన 678 మంది ఇందులో చేరారు. అందరూ డెబ్బై అయిదు దాటినవారే. వారిలో ఒకామె నూటొక్క ఏళ్లు బతికారు. చనిపోవడానికి కొన్నాళ్ల ముందు కూడా జ్ఞాపకశక్తి పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారు. మరణానంతరం మెదడు పరీక్షిస్తే ఆల్జీమర్స్ జబ్బు గుర్తులు నిండుగా ఉన్నాయి! జబ్బు మెదడులో ఉంది. మనిషిలో మాత్రం బయటపడలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ నెదర్లాండ్స్‌లో ఉంది. హెండ్రిక్యే వాన్ ఆండెల్-షిప్పర్ అనే మహిళ 1890లో నెలలు నిండకుండా పుట్టి, 115 ఏళ్లు బతికి 2005లో మరణించారు. ఎనభై రెండో ఏట తన దేహాన్ని వైద్య విజ్ఞానానికి రాసిచ్చారు. 112, 113 ఏళ్ల వయసులో ఆమెకు పరీక్షలు జరిపితే బుద్ధి చక్కగా ఉంది. మరణించాక చూస్తే మెదడులోనూ జబ్బు గుర్తులు దాదాపు లేవు. ఇక కాలిఫోర్నియాలో తొంభై దాటి మతి తప్పినవారిలో సుమారు సగం మందికి, మెదడులో కనిపించిన గుర్తులు ఆ తీవ్రతకు సరిపడా లేవు.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒకటి అర్థమవుతుంది. మరీ పెద్దవయసులో మతి తప్పడానికి ఒక్క దోషి ఉండదు. ఆల్జీమర్స్ కొంత, మెదడులో కంటికి ఆనని చిన్న చిన్న రక్తనాళాలు పూడిపోవడం కొంత, వాటి పైన చెవుడు, చూపు మందగించడం, పడిపోవడం, దిగులు. వాన నీటికి గోడ ఒక్క చోటే నానదు. అన్ని వైపులా నానితేనే కూలుతుంది. అందుకే ఒక్క వైపు కప్పినా ఎంతోకొంత లాభం ఉంటుంది.

చెవి, కన్ను, కాలు

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో పధ్నాలుగు కారణాలను పేర్కొన్నది. చదువు లేకపోవడం, చెవుడు, చెడు కొలెస్టరాల్, దిగులు జబ్బు, తలకు దెబ్బలు, ఒళ్లు కదల్చకపోవడం, షుగర్, పొగ తాగడం, బి.పి., ఊబకాయం, మితిమీరిన మద్యం, ఒంటరితనం, గాలి కాలుష్యం, చూపు మందగించడం. ఈ పధ్నాలుగింటినీ పుట్టినప్పటి నుంచి అదుపులో ఉంచగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా రాకుండానో, ఆలస్యంగా వచ్చేట్టుగానో చేయవచ్చునని ఆ సంఘం అంచనా.

వీటిలో చాలా వాటిని నడివయసులోనే సరిదిద్దుకోవాలి. తొంభై ఏళ్ల మామ్మగారిని ఇప్పుడు బడికి పంపలేం. కాని తొంభైలో కూడా చేతిలో మిగిలినవి మూడున్నాయి. చెవి, కన్ను, కాలు.

చెవి మాట చూద్దాం. వినపడని మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటాడు. అడిగినదానికి వేరే జవాబు చెబుతాడు. ఇంట్లోవారు నవ్వుతారు. దాంతో నోరు మూసుకుంటాడు. మాట పోయాక మెదడుకు పనే ఉండదు. వినికిడి యంత్రాలిచ్చి మూడేళ్లు గమనించిన అమెరికా అధ్యయనం 2023లో వెలువడింది. అందులో పాల్గొన్నవారినందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. కాని ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల వరకు తీసుకుంటే, బుద్ధి మందగించే వేగం 48 శాతం తగ్గింది. యంత్రం దాకా పోకముందే చూడవలసింది మరొకటి ఉంది. చెవిలో గుబిలి గట్టిపడి అడ్డుపడితే, తీయించిన రోజే తేడా తెలుస్తుంది.

కన్ను. "ఈ వయసులో ఆపరేషను ఎందుకులే" అని శుక్లాలు వదిలేసే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో శుక్లాలున్న మూడు వేల మంది వృద్ధులను పరిశీలిస్తే, ఆపరేషను చేయించుకున్నవారిలో డిమెన్షియా ముప్పు సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. ఆపరేషను చేయించుకోగల ఓపిక ఉన్నవారు మొదటి నుంచీ ఆరోగ్యవంతులు కావచ్చు అనే సందేహం లేకపోలేదు. ఉన్నా, చూపు రావడమే ఒక లాభం గదా. పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

కాలు. తొంభై దాటినవారిలో కుర్చీలోంచి లేవడం, నాలుగు అడుగులు నడవడం, తూలకుండా నిలబడడం, చేతి పట్టు ఈ నాలుగూ ఎంత బలహీనంగా ఉంటే డిమెన్షియా అంత ఎక్కువగా ఉన్నట్టు కాలిఫోర్నియా బృందం 2013లో ప్రకటించింది. మంచం పట్టడమంటే ఒక్క కాళ్ల సంగతే కాదన్నమాట. "మామ్మా, నువ్వు లేవకు, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అని ప్రేమ కొద్దీ అనే మాట మంచిది కాదు. వాకిట్లోకి నాలుగడుగులు నడిపించాలి. పక్కన మనిషి ఉండాలి.

వీటికి తోడు ఈ మధ్య మరో సంగతి బయటపడింది. వేల్స్ దేశంలో 2013లో సర్పి జబ్బుకు టీకా వేయడం మొదలుపెట్టి, 1933 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి మాత్రమే అర్హత ఇచ్చారు. అంతకు వారం ముందు పుట్టినవారికి జీవితాంతం లేదు. వారం రోజుల తేడాతో పుట్టినవారు తక్కిన అన్ని విషయాల్లో ఒకేలాంటివారు గదా. ఏడేళ్లు గడిచాక చూస్తే, టీకా పడినవారిలో డిమెన్షియా సుమారు అయిదో వంతు తక్కువ. ఈ లాభం ఆడవారిలో ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2025లో ప్రచురితమయ్యాయి. మన దగ్గర ఈ టీకా ప్రభుత్వం వేసే వాటిలో లేదు. బయట ఖరీదెక్కువ. స్తోమత గలవారు డాక్టరును అడిగి నిర్ణయించుకోవచ్చు.

హైదరాబాదు చెప్పిన సంగతి

ఈ పరిశోధనల్లో మన తెలుగునేల వాటా కూడా ఉండటం విశేషం. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. వారిలో 391 మంది రెండు గాని, అంతకు మించి గాని భాషలు మాట్లాడేవారు. ఒక్క భాషే వచ్చినవారికంటే వీరికి జబ్బు లక్షణాలు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి. ఇంకా విశేషమేమిటంటే, చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అంటే ఇది బడి చదువు వల్ల వచ్చిన బలం కాదు. వీధిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడే హైదరాబాదు బతుకు ఇచ్చిన బలం. ఇతర దేశాల్లో కొందరు పరిశోధకులకు ఇదే ఫలితం రాలేదు గనుక చర్చ ఇంకా సాగుతోంది.

మన వీధి తొంభై ఆరేళ్ల పెద్దాయన వయసులో ఉండగా బియ్యం వ్యాపారి వద్ద గుమాస్తాగా నైజాం ప్రాంతమంతా తిరిగారు. ఉర్దూ ధారాళంగా మాట్లాడతారు. మద్రాసులో ఉండి అరవమూ నేర్చారు. ఇప్పటికీ వీధి చివర సాయిబుగారి దుకాణం దాకా నడిచి వెళ్లి ఆయనతో ఉర్దూలోనే బేరం చేస్తారు. ఇదే కారణమని చెప్పలేం. ఒక్క మనిషిని చూసి సూత్రం కట్టకూడదు. ఈ మాటే ఆయనతో అంటే నవ్వారు.

"భాషల వల్ల కాదు, దేవుడి దయ వల్లా కాదు. నాకూ రావచ్చు. వచ్చే ఏడే రావచ్చు. ఎదురింటావిడ నాకన్నా తెలివైన మనిషి. ఎకరాకు ఎన్ని బస్తాలో, కూలి ఎంతో, ఊళ్లో ఎవరికి ఎంత బాకీయో నోటితో చెప్పేది" అన్నారు.

అన్నట్టు, మన వృద్ధులకు జ్ఞాపకశక్తి పరీక్ష చేయడంలోనే ఒక చిక్కుంది. విదేశాల్లో తయారైన పరీక్షల్లో ఇవాళ తేదీ ఎంత, గడియారం బొమ్మ గియ్యి, ఒక వాక్యం రాయి అని అడుగుతారు. బడి ముఖం చూడని మామ్మగారు ఇవేవీ చెయ్యలేరు. అంతమాత్రాన జబ్బున్నట్టు కాదు. ఆవిడకు పుట్టిన తేదీ తెలియదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కాపురానికి వచ్చానని, కృష్ణ మీద ప్రకాశం బారేజి కట్టిన ఏడు (1957) రెండో కొడుకు పుట్టాడని, దివిసీమ ఉప్పెన నాటికి (1977) పెద్దవాడి పెళ్లయిందని, ఇదీ ఆవిడ పంచాంగం. చదువు రానివారి కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో హిందీలో ప్రత్యేక పరీక్ష తయారుచేశారు. తెలుగువారికి తగ్గట్టు నిమ్స్‌లోనూ పరీక్షలు మలిచారు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మనిషి ఇదివరకు ఏం చెయ్యగలిగేదీ, ఇప్పుడు ఏం చెయ్యలేకపోతున్నదీ ఇంటివారు చెప్పడం అన్నిటికంటే ముఖ్యం.

మందుల సంచి తెరిస్తే...

మళ్లీ మామ్మగారి దగ్గరకు వద్దాం. హైదరాబాదులో నర్సుగా పనిచేస్తున్న మనవరాలు ఉగాదికి వచ్చి నాయనమ్మను చూసింది. "చాదస్తం అని ఎవరు తేల్చారు? డాక్టరుకు చూపించారా?" అని అడిగింది. మర్నాడే కారు మాట్లాడి గుంటూరు తీసుకువెళ్లింది. వెళ్తూ వెళ్తూ మామ్మగారి తలగడ కింద ఉన్న మందుల సంచి కూడా పట్టుకెళ్లింది.

డాక్టరు మొదట తెరిచింది ఆ సంచే. అందులో నిద్రమాత్రలున్నాయి. ఆరేళ్ల క్రితం ఎవరో వారం రోజులకు రాసినవి. మందుల దుకాణంలో పాత అట్ట చూపించి ఆరేళ్లుగా తెస్తూనే ఉన్నారు. దురద తగ్గడానికి వాడే అలర్జీ మాత్రలు, మూత్రం ఆగడానికి వాడే మాత్రలు కూడా ఉన్నాయి. ఈ మూడు రకాలూ ముసలి మెదడును మసకబార్చేవే. తరువాత రక్తపరీక్షలో బి 12 విటమిన్ బాగా తక్కువని తేలింది. రెండు చెవుల్లోనూ గుబిలి. ఎడమ కంటిలో ముదిరిన శుక్లం.

"ఆవిడకు డిమెన్షియా ఉన్న మాట నిజం. అది పోదు. కాని ఆవిడ నెత్తి మీద ఆ జబ్బుతో పాటు ఇంకో నాలుగు బరువులున్నాయి. అవి దించవచ్చు" అని డాక్టరు చెప్పారట.

నిద్రమాత్రలు ఒక్కసారి కాకుండా మెల్లమెల్లగా తగ్గించి మానిపించారు. సూదిమందు ద్వారా బి 12 ఇచ్చారు. చెవులు శుభ్రం చేశారు. కంటికి ఆపరేషను అయింది. నాలుగు నెలలకు రాత్రిపూట లేచి తిరగడం చాలావరకు తగ్గింది. కోడలు రాత్రిళ్లు కాస్త కునుకు తీయగలుగుతున్నారు. మావయ్యగారి కోసం అడగడం మానలేదు. కాని రోజూ అడగడం లేదు.

ఆలస్యం చేయకూడని వేళ

వైద్యులు గట్టిగా చెబుతున్న మరో విషయం ఉంది. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద వచ్చేది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఎవరినీ గుర్తుపట్టకపోతే, పలవరిస్తుంటే అది వేరు. పూర్వం సన్నిపాతం అనేవారు. డాక్టర్లు డెలీరియం అంటారు. మూత్రంలో చీము, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్త మందు పడకపోవడం, మలబద్ధకం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వారాల క్రితం పడి తలకు చిన్న దెబ్బ తగిలినా, లోపల మెల్లగా రక్తం చేరి ఇలా కావచ్చు. వీటికి వైద్యం ఉంది. "వయసు" అనుకుని ఇంట్లో ఉంచితే ప్రాణానికే ముప్పు. అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. ఇలాంటి డెలీరియం ఒకసారి వచ్చిపోయినవారికి తరువాత డిమెన్షియా ముప్పు కూడా ఎక్కువే.

ఇంట్లో తొంభై ఏళ్ల పెద్దలున్నవారు చేయదగినవి కొన్ని :

* ఏడాదికొకసారి చెవి, కన్ను పరీక్ష చేయించాలి.

* ఆరు నెలలకొకసారి ఇంట్లో ఉన్న మందులన్నీ, నాటుమందులతో సహా, సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించాలి. ఏవి మానవచ్చో అడగాలి. సొంతంగా మానకూడదు.

* నేల తడి లేకుండా చూడాలి. రాత్రి పడకగది నుంచి మరుగుదొడ్డి దాకా దీపం ఉంచాలి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి.

* రోజూ కాసేపు నడిపించాలి. కూరగాయలు తరగడం, పూలు కట్టడం, బియ్యంలో మెరికలు ఏరడం, చేతనైన పని చెయ్యనివ్వాలి.

* ఎదురుగా కూర్చుని, మొహం కనబడేట్టు, ఒక్కొక్క మాటే చెప్పాలి. "ఇందాకే చెప్పాను గదా" అని విసుక్కోకూడదు. ఆ మాట వారికి గుర్తుండదు. విసుగు మాత్రం మనసులో ఉండిపోతుంది.

* తప్పిపోయే అలవాటున్నవారి మెడలోనో, చేతికో పేరు, ఫోను నంబరు ఉన్న బిళ్ల కట్టాలి.

వయోవృద్ధుల కోసం దేశమంతటా 14567 నంబరుతో ఉచిత ఫోను సహాయం ఉంది. మానసిక సమస్యలకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతేనని 2007లో వచ్చిన చట్టం చెబుతోంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు కేంద్రం 2010లో చేపట్టిన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెద్దలకు ప్రత్యేక విభాగం, పది పడకల వార్డు ఉండాలి. ఆ విభాగం ఏ రోజు, ఏ గదిలో నడుస్తున్నదో పల్లెల్లో ఎంతమందికి తెలుసు? ఆరోగ్య కార్యకర్తలు పసిపిల్లల టీకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ ఇంట్లోనే మూలన మంచం మీద ఉన్న పెద్దల చెవి, కన్ను కూడా అదే చేత్తో చూసి రాసుకుంటే ఎంతో మేలు. అధికారులు ఈ దిశగా ఆలోచించాలి.

అన్నిటికీ మించి, చూసుకునేవారిని చూసేవారు కావాలి. ఆ అరవై ఎనిమిదేళ్ల కోడలు ఆరేళ్లలో ఒక్క పెళ్లికి వెళ్లలేదు. వారానికి ఒక పూట ఎవరైనా చుట్టాలు వచ్చి కూర్చుంటే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ఇప్పుడు ఎదురింటి పెద్దాయన ఆ పని చేస్తున్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి కర్ర పట్టుకుని గేటు దాటి వచ్చి, మామ్మగారి పక్కన కుర్చీ వేసుకుని, ఆనాటి పంటల లెక్కలు అడుగుతున్నారు. ఎకరాకు ఎన్ని బస్తాలు పండిందీ ఆవిడ ఠక్కున చెబుతున్నారు. సగం తప్పులే. ఆయన దిద్దరు. ఔనౌనంటారు.

మొన్న ఈ విలేఖరి వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళయింది. మామ్మగారు కోడల్ని పిలిచారు. మావయ్యగారి సంగతి అడుగుతారని కోడలు జవాబు సిద్ధం చేసుకుని వచ్చారు. "పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉన్నావు. తిన్నావుటే?" అని అడిగారు మామ్మగారు.